మూడేళ్ళు తగ్గించిన కాగితం

కలకత్తా,
ఆదివారం

అక్కకి, బావగారికి నూకరాజు దణ్ణాలు పెట్టి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకండి. సామర్లకోటలో మీరిద్దరూ, చంటిదీ కులాసాయేనా? ఊళ్ళో అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బజారు దాకా నడవొద్దని, ఆటో ఎక్కమని నేను చెప్పానని చెప్పు. వినదనుకో, అయినా చెప్పు.

ఈసారి ఊరికి రాయకుండా నీ అడ్రసుకి ఎందుకు రాశానంటే, అక్కడికి రాస్తే పోస్టుమాన్ నాన్న చేతికిస్తాడు. నాన్న దాన్ని పడవల దగ్గరికి పట్టుకెళ్ళి, చదువొచ్చినవాడెవడి చేతో అందరి ముందూ చదివిస్తాడు. ఇది అందరి ముందూ చదివే ఉత్తరం కాదు. ముందు నువ్వు ఒక్కదానివే చదువు. తరవాత బావగారికి చెప్పు. ఆయనకి నేను క్షమాపణ చెప్పుకోవాల్సింది ఉంది.

ఇక్కడ వానలు. మన దగ్గర వాన కురిసి వెళ్ళిపోతుంది, ఇక్కడ వచ్చి కూర్చుంటుంది. మేజోళ్ళు ఆరవు, తడివే వేసుకుని గ్రౌండుకి వెళ్తున్నాం. కాలివేళ్ళ మధ్య తోలు ఊడిపోయింది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తున్నాను, తగ్గుతోంది. తిండికి లోటు లేదు. రోజూ అన్నం, చేప. కానీ చెరువు చేప, అదీ ఆవనూనెలో. మూడేళ్ళయినా నాకు ఆ నూనె అలవాటు కాలేదు. నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు వేయించుకున్నానని హాస్టల్లో వాళ్ళు నా మంచం తీసుకెళ్ళి వరండాలో పెట్టారు. నా గదిలో ఉండే బుధువా ఒక్కడే పక్కన కూర్చుని సగం తినేశాడు. వాడిది జార్ఖండ్. నాలాగే ఈ ఫుట్‌బాల్ క్లబ్బు అకాడమీలో చేరి ఆట నేర్చుకుంటున్నవాడు.

ఇక అసలు విషయం.

జూన్‌లో నాన్నకి రాశాను కదా, పెద్ద జట్టుతో ప్రాక్టీసుకి పిలిచారని. పెద్ద జట్టులో ఎడమవైపు వెనక ఆడే అతనికి మోకాలు దెబ్బతింది. ఆ చోటులో అకాడమీలో ఆడేది నేనే. ఐదు రోజులు వాళ్ళతో ఆడాను. ఐదో రోజున మా కోచ్ కూడా నవ్వుతూ, "బూట్లు శుభ్రం చేసి పెట్టుకో" అన్నాడు. మా కోచ్‌ని అందరం దాదా అంటాం. ఇక్కడ అన్నని అలా పిలుస్తారు. మనిషి మాత్రం నాన్న వయసువాడు. ఆ సంతోషంలోనే నాన్నకి ఉత్తరం వేశాను. తరవాత నువ్వు ఫోన్లో చెప్పావు, నాన్న చేపల వేలం దగ్గర నిలబడి, "మావోడు పెద్దాటలో ఆడతన్నాడండి, టీవీలో ఏత్తారంట" అని అందరికీ చెప్పాడని.

ఆరో రోజు పొద్దున్న ఒక కారు వచ్చి గ్రౌండు పక్కన ఆగింది. అందులోంచి వేరే రాష్ట్రం ఆటగాడు దిగాడు. ఎడమ బ్యాకు.

పెద్ద జట్టు కోచ్ చెడ్డవాడు కాదు అక్కా. నన్ను పక్కకి పిలిచి హిందీలో చెప్పాడు. "నీకు ఆట రాదని కాదు. కొత్తవాడు కుదురుకోవాలంటే పది ఆటలు కావాలి. అందులో మూడు వాడివల్ల ఓడిపోతాం. ఆ మూడూ ఓడిపోతే నాలుగో ఆటకి నేనుండను. నా తరవాత వచ్చేవాడు నిన్ను పెట్టుకుంటాడా? వాడూ బయటినుంచే తెచ్చుకుంటాడు."

అలాంటప్పుడు అకాడమీ ఎందుకు పెట్టారండీ అని అడుగుదామనుకున్నాను. కానీ ఆయన చెప్పింది నిజమేనని నాకూ తెలుసు. మేం ఇక్కడ చేసే పని ఏంటంటే, పెద్ద జట్టుకి రేపు ఎదురుపడేవాళ్ళు ఎలా ఆడతారో మంగళవారం, శుక్రవారం అలా ఆడి చూపించాలి. ఈ మూడేళ్ళలో కలకత్తాలో ఉన్న ప్రతి జట్టుకీ నేను ఎడమ బ్యాకునయ్యాను, మా జట్టుకి తప్ప. నాతోపాటు చేరినవాళ్ళలో పెద్ద జట్టు చొక్కా వేసుకున్నవాడు ఒక్కడే. వాడూ ఆట అయిపోవడానికి కాసేపు ముందు దిగి, బంతి కాలికి తగలకుండానే బయటికి వచ్చాడు.

ఇది నాన్నకి చెప్పలేదు. ఎప్పుడు ఆడతావని అడిగితే, వానలు తగ్గాక అన్నాను.

తరవాత జులైలో క్లబ్బు ఆఫీసులో గుమస్తా బాబు నన్ను పిలిచాడు. నాకు ఇరవై నిండాయి కాబట్టి ఈ సీజను అయ్యాక హాస్టల్లో ఉంచరట. "ఉండాలంటే ఒకటే దారి. ఊరినుంచి పుట్టినతేదీ కాగితం కొత్తది తెచ్చుకో. పదిహేడేళ్ళని ఉండాలి. కుర్రాళ్ళ జట్టులో ఆడిస్తాం, ఇంకో ఏడాది గడుస్తుంది. ఈలోపు పైవాళ్ళు చూస్తే చూస్తారు" అన్నాడు.

బుధువా ఆ పని ఎప్పుడో చేశాడు. "కాగితం ప్రకారం మా తమ్ముడు నాకంటే పెద్దవాడు. పెళ్ళి కూడా ముందు వాడికే అయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు" అని నవ్వుతాడు.

అప్పుడే బావగారికి ఫోన్ చేశాను. ఆయన ఒక్క మాట కాదనలేదు. "ఆ మాత్రం దానికి అంత ఇదైపోతావేంట్రా? మండలాఫీసు గుమస్తా గారు మనకి తెలిసినాయనే. రెండ్రోజుల్లో పంపేత్తాను. నువ్వు ఆట మీద ద్యాస పెట్టు" అన్నారు. అన్నట్టే రిజిస్టర్ పోస్టులో వచ్చింది. నన్ను చంకనేసుకుని రెండో క్లాసుకి వెళ్ళినదానివి నువ్వు. ఆ కాగితం ప్రకారం నేను పుట్టేసరికి నీది ఐదో క్లాసు. అది చదివి నవ్వుకున్నాను. ఆ రోజు నవ్వే వచ్చింది.

కుర్రాళ్ళ జట్టులో ఎడమ బ్యాకు ఆడేవాడి పేరు రతన్. పదహారేళ్ళు. రెండేళ్ళుగా మా హాస్టల్లోనే ఉంటున్నాడు. కుర్రాళ్ళ జట్టుతో నా మొదటి ఆటకి ముందు దాదా పేర్లు చదివాడు, ఎడమ బ్యాకుగా నా పేరు వచ్చింది. రతన్ తను వేసుకున్న మూడో నంబరు చొక్కా విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ చొక్కా నాకు భుజాల దగ్గర పట్టేసింది.

అవతలి జట్టులో నా వైపు వచ్చే పిల్లాడు నా భుజం దాకా ఉంటాడు. మూడుసార్లు బంతి తీసుకుని వచ్చాడు, మూడుసార్లూ నేను పెద్దగా కష్టపడకుండానే లాక్కున్నాను. నాలుగోసారి నన్ను చూసి వాడే బంతి వెనక్కి తన్నేశాడు. నాలుగు గోల్స్ తేడాతో గెలిచాం. వానలో గొడుగులు వేసుకుని నిలబడ్డవాళ్ళు నాకు చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు అక్కా, నాకు బాగానే అనిపించింది. ఈ ఊరొచ్చాక నాకోసం కొట్టిన మొదటి చప్పట్లు అవి.

ఆట అయ్యాక రతన్ వాళ్ళ నాన్న వచ్చాడు. ఆయన ఎక్కడో చిన్న ఊళ్ళో దర్జీ. కొడుకు ఆట చూద్దామని కొట్టు మూసి, రెండు రైళ్ళు మారి వచ్చాడు. చేతిలో స్టీలు క్యారేజీ. తల నుంచి నీళ్ళు కారుతుంటే నా ముందు నిలబడ్డాడు.

"ఎడమవైపు ఆడింది నువ్వే కదా? బాగా ఆడావు బాబూ. నీకెన్నేళ్ళు?"

"పదిహేడండి" అన్నాను. బెంగాలీ నాకు ఆ మాత్రం వచ్చు.

"మా రతన్‌కి పదహారు. ఒక్క ఏడాదే తేడా." నన్ను భుజాలనుంచి కాళ్ళదాకా చూశాడు. తరవాత కొడుకు వైపు చూశాడు. "మీ ఊళ్ళో ఏం తింటారు?"

"చేపలండి."

"మేమూ అవే తింటాం" అన్నాడు. "తప్పు నాదే. ఎదిగే వయసులో వాడికి పాలూ గుడ్లూ సరిగ్గా పెట్టలేకపోయాను. ఇప్పటినుంచి పెడితే నిన్ను అందుకుంటాడంటావా?"

ఆయన క్యారేజీ విప్పి, కొడుక్కంటే ముందు నా చేతిలో ఒక మిఠాయి పెట్టాడు.

రతన్ పక్కనే తల దించుకుని నిలబడ్డాడు. వాడికి నా అసలు వయసు తెలుసు. రోజూ పొద్దున్న పంపు దగ్గర నేను గడ్డం గీసుకోవడం చూస్తాడు. అయినా తండ్రితో ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదో నాకు అర్థమైంది. పైవాళ్ళు నన్ను తీసుకోలేదు, నేను దిగి వచ్చి వాడి చోటులో కూర్చున్నాను. రేపు వాణ్ణీ తీసుకోరు. అప్పుడు వాడికీ ఇలాంటి కాగితమే కావాలి.

ఆ మిఠాయి గదికి తెచ్చుకున్నాను. తినలేకపోయాను. మన నాన్నే కళ్ళముందు మెదిలాడు. నేను పెద్ద జట్టులోకి వెళ్ళలేదని తెలిస్తే నాన్న క్లబ్బుని తిట్టడు, కోచ్‌ని తిట్టడు. చదువు లేనివాణ్ణి, ఎవర్ని పట్టుకోవాలో తెలియలేదు, నావల్లే వాడు పైకి రాలేదు అనుకుంటాడు. రతన్ వాళ్ళ నాన్న కూడా అలాగే అనుకుంటూ రెండు రైళ్ళు ఎక్కి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న దాదా దగ్గరికి వెళ్ళాను. కుర్రాళ్ళ జట్టులో ఇక ఆడనని చెప్పాను. ఎందుకని అడగలేదు.

"నీ కాగితం చూసిన రోజే నాకు తెలుసు" అన్నాడు. "పెద్ద జట్టుకి కుర్రాళ్ళని తయారు చెయ్యమని నన్ను పెట్టారు. తయారు చేసి పంపితే చూడరు. నన్ను మాత్రం కప్పు అడుగుతారు. కప్పు రాకపోతే అకాడమీ దండగ అంటారు. మూసేస్తే మీరంతా ఇంటికి పోవాలి. అందుకని కాగితాల మీద ఏం రాసుందో నేను చదవను."

"నేను ఆడలేను దాదా."

"ఆడకపోతే నిన్ను ఇక్కడ ఉంచలేను."

"తెలుసు."

"ఆఫీసులో కాగితం సంగతి ఎత్తకు. ఎత్తితే నీ ఒక్కడితో పోదు, ఇంకా ఐదారుగురి పేర్లు బయటికి వస్తాయి. మోకాలు నొప్పని చెప్పు."

అలాగే చెప్పాను. అందుకని నేనేదో నిజాయితీపరుణ్ణని అనుకోకు. సగం నిజమే చెప్పాను, మిగతా సగం మోకాలి మీద పెట్టాను. కాగితం ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది. అడిగినా ఇవ్వరు.

బుధువాకి కోపం వచ్చింది. "నువ్వొక్కడివే మంచివాడివా? వెళ్తే నీకు సముద్రం ఉంది. నాకు బొగ్గు గని ఉంది" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే టీ తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్ళాడు.

తరవాతి ఆటలో రతన్ ఆడాడు. ఓడిపోయాం. రెండో గోల్ వాడి వైపునుంచే వచ్చింది. క్లబ్బు కమిటీ పెద్దలు గొడుగుల కిందనుంచి వాణ్ణి నానా మాటలూ అన్నారు. నేను ఆడి ఉంటే ఆ గోల్ పడేది కాదు, అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఆట అయ్యాక ఓదారుద్దామని దగ్గరికెళ్తే, "నిన్నెవరు మానేయమన్నారు?" అని ముఖం తిప్పుకున్నాడు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. నేను వాడికి మంచి చేశానో, చెడు చేశానో నాకు తెలియడం లేదు. నీకేమనిపిస్తుందో రాయి.

ఈ నెలాఖరుకి మంచం ఖాళీ చెయ్యమన్నారు. దాదా ఒక ఆఫీసు జట్టువాళ్ళకి ఉత్తరం రాసిచ్చాడు. మొన్న వెళ్ళి ఆడి చూపించాను. చిన్న గ్రౌండు, గడ్డి కూడా లేదు, చూసేవాళ్ళు పదిమంది ఉండరు. తీసుకుంటే ఉద్యోగం ఇస్తారట. ఇంకా ఏ కబురూ రాలేదు. వాళ్ళు వయసు అడిగితే ఇరవై అన్నాను. ఆ మాట అంటుంటే అబద్ధం చెప్తున్నట్టే అనిపించింది.

నువ్వు ఊరెళ్ళినప్పుడు ట్రంకు పెట్టెలో నా పదో తరగతి సర్టిఫికెట్టు ఉంటుంది, దానికి జిరాక్సు తీయించి పంపు. అసలుది పంపకు. నెత్తళ్ళు మాత్రం పంపొద్దు, ఈ నెల రోజులైనా గదిలో అందరితో సర్దుకుని ఉంటాను.

బావగారికి చెప్పు. ఎవర్నీ ఏదీ అడగని మనిషి, నాకోసం ఒకర్ని అడిగారు. ఆ మాట వృథా చేశాను. కోపం వస్తే తిట్టమను, పడతాను. ఆ మండలాఫీసు గుమస్తా గారికి మాట రాకుండా చూసుకుంటానని చెప్పు. అమ్మ అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకుంది కదా, నేను పెద్ద జట్టులో ఆడితే. ఆడకపోయినా చేయించమను. దేవుడికి జట్లతో పనేముంది.

నాన్నకి నువ్వే చెప్పమని మొదట ఒక కాగితం రాసి చించేశాను. నువ్వు చెప్తే ఏదో ఒకటి సర్దిచెప్పేస్తావు. నాన్న ఇంకా వేలం దగ్గర నా గురించి చెబుతూనే ఉంటాడు. వచ్చే ఆదివారం సాయంత్రం పడవ వచ్చే వేళకి, పక్కింటి రాంబాబు గారి ఫోనుకి చేస్తాను. నువ్వు ఆ రోజుకి ఊళ్ళో ఉండు. నాన్నని ఫోను దగ్గర కూర్చోబెట్టు. ముందుగా ఏమీ చెప్పకు. నేను చెప్పడం అయ్యాక నాన్న ఫోను పెట్టేసి ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే, లోపలికి రమ్మని పిలవకు, పక్కన కూర్చో చాలు. పాలు పట్టలేదు, గుడ్లు పెట్టలేదు అని మొదలుపెడితే మాత్రం ఊరుకోకు. వాడికి ఏ లోటూ చెయ్యలేదని నువ్వే చెప్పాలి. నా నోటితో చెప్తే నమ్మడు.

చంటిదానికి ముద్దులు. అమ్మానాన్నల కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు. బావగారికి నమస్కారాలు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

ఇట్లు
నీ తమ్ముడు
నూకరాజు