తాళం వేసిన గదిలో శాంతి పాఠం

మేనేజరు గారికి,

మమ్మల్ని మళ్ళీ లోపల పెట్టి తాళం వేయించింది మీరే. బట్ట దొంగిలిస్తారని కుట్టుహాలుకు ప్రమాదం జరిగిన రోజూ మీరే వేయించారు. మంటలు లేచాక తలుపు బాది బాది నా అరచేతులు వాచిపోయాయి. నా పక్క మిషను పిల్ల బయటికి రాలేదు.

మా మనసులు కుదుటపడాలని నిన్న ఎవరో మేడమ్‌ను పిలిపించారు. సంతోషం. మధ్యలో ఎవరూ లేచిపోకూడదని బయట తాళం ఎందుకండీ?

"కళ్ళు మూసుకుని భయాన్ని బయటికి పంపెయ్యండమ్మా" అందావిడ.

"పంపాలన్నా తలుపు తియ్యాలి కదండీ!" అంది పక్కనే కూర్చున్న మా వదిన.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తాళం పడిన చప్పుడు విన్నప్పటినుంచీ నా కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

మాకు ధైర్యం నేర్పిస్తే మీ తలుపు సంగతి ఎవరూ ఎత్తరనుకున్నారా? నా భయానికి మందు మీ జేబులోనే ఉంది, ఆ తాళాల గుత్తిలో.

రేపు పనికి రాకపోతే ఇల్లు గడవదు. నేను రావాలంటే:

పని జరిగినంతసేపూ తలుపు తెరిచి ఉండాలి.
తాళంచెవి ఒకటి మా దగ్గర ఉండాలి.
తాళం వేయించింది మీరేనని ఆ పిల్ల తల్లికి మీరే వెళ్ళి చెప్పాలి.
నా మిషను తలుపు పక్కకి జరపాలి.