తీసేయమన్న దుంగలను తీయవద్దని

అడవి పెంపకం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అడవిలోని ఎండు దుంగలను తొలగించవలెనని నేను పెట్టుకున్న అర్జీని తమరు మంజూరు చేసినందుకు అభ్యంతరం తెలుపుట గురించి.

నేను కోత మిల్లులో చాలాకాలం పనిచేసి ఇంట్లో కూర్చున్న ముసలివాడిని. చదువు తక్కువ, అనుమానం ఎక్కువ. ఈ దిగువ సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. అడవి కంచె విరిగి పందులు మా పెరట్లోకి వచ్చుచున్నవని లోగడ అర్జీ పెట్టితిని. జవాబు లేదు. పందులు పిల్లలను కూడా పెట్టినవని మళ్ళీ రాసితిని. జవాబు లేదు. నన్ను చూస్తే మీ గుమాస్తా గారు ఫైలు వెనక దాక్కుంటారు. ఆయన దాక్కుంటారు గానీ ఆయన పొట్ట దాక్కోదు. అలాంటి ఆఫీసు, దుంగలు తీయమన్న వారంలోపే మంజూరు ముద్ర కొట్టి, కాగితాన్ని మా గుమ్మంలోకి పంపింది. తెచ్చినవాడు నమస్కారం కూడా పెట్టాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది.

2. అసలు జరిగింది ఇది. మా పెరటి వెనక బోడి నేలలో తమరు మొక్కలు నాటించి అడవి చేస్తున్నారు. బాగుంది. ఆ తర్వాత లారీల్లో ఎండు దుంగలు తెచ్చి మొక్కల మధ్య దొర్లించారు. అడవిలోంచి కట్టె మోసుకొచ్చేవాళ్ళను చూశాను గానీ, అడవికి కట్టె మోసేవాళ్ళను చూడలేదు. అందులో ఒకటి సరిగ్గా మా కాలిబాటకు అడ్డం పడింది. దాన్ని దాటిన ప్రతిసారీ మా ఇంటావిడ నన్ను తిడుతుంది. పైగా దానికి గోధుమరంగు చెవుల్లాంటి పుట్టగొడుగులు మొలిచాయి, అదీ మా ఇంటి వైపే. మా పోట్లాటలు ఎవరికో చేరవేస్తున్నాయని నా అనుమానం. కనుక తీసేయమన్నాను. ఒక్క దుంగ అంటే ఆఫీసు కదలదని, బరువు కోసం "ఇటువంటి దుంగలన్నియు" అని రాసితిని. కొంప ముంచింది ఆ మాటే.

3. నా మనవరాలు, కొడుకు కూతురు, తమ దగ్గరే పనిచేస్తుంది. మెడలో భూతద్దం వేసుకుని, దుంగ దుంగకీ వంగి పుట్టగొడుగులు లెక్కపెట్టడం ఆ పిల్ల ఉద్యోగం. భోజనాల దగ్గర నా మంజూరు కాగితం చూపించాను. దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అన్నీ అని రాశావా తాతా?"

"పెద్దది అడిగితేనే చిన్నదైనా ఇస్తారే పిచ్చిదానా."

"మొక్కలు నాటితే అడవైపోతుందా? కట్టెని తిని మట్టి చేసే పుట్టగొడుగులు రావాలి. గట్టి కట్టెకి ఒక రకం, అది మెత్తబడ్డాక ఇంకో రకం వస్తాయి. పడిన కట్టె లేకపోతే అవన్నీ ఎక్కడుంటాయి, నీ నెత్తిమీదా?"

"నాది బోడినెత్తి కదే, జారిపోతాయి."

నవ్వలేదు. ఆ పూట నుంచి నాతో మాట్లాడడం లేదు. "నానమ్మా, ఆయన్ని ఉప్పు ఇటు జరపమను" అంటోంది. తాతనైన నేను ఆయననైపోయాను. దీనికి నష్టపరిహారం ఏ ఆఫీసులో ఇస్తారో తెలియజేయవలెను.

4. మర్నాడు అడవిలోకి వెళ్ళి పొదచాటున నిలబడ్డాను. అందరూ టోపీ అని పిలిచే మీ కాంట్రాక్టరు గొడ్డలి వెనకతో దుంగల్ని కొట్టి, చెవి పెట్టి వింటున్నాడు. ఖంగుమన్న వాటికి ఎర్ర రంగు పూస్తున్నాడు. మెత్తగా పలికితే వదిలేస్తున్నాడు. మిల్లులో కట్టె కొనేముందు మేమూ అలాగే వినేవాళ్ళం. చెత్త ఎత్తేవాడికి ఈ సంగీతం ఎందుకు?

"ఏం నాయనా, మా బాటకి అడ్డంగా ఉన్నదానికి రంగు వెయ్యలేదే?" అన్నాను, పొదలోంచే.

ఉలిక్కిపడ్డాడు. "అది పుచ్చిపోయింది తాతా, మిల్లువాడు తీసుకోడు" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

అంటే నేను వద్దన్నది ఉంటుంది, నేను అడగనివన్నీ మిల్లుకు పోతాయి, పేరు మాత్రం నా అర్జీది. తమరిని నేను అనుమానించడం లేదు. ఇంకా మొదలుపెట్టలేదు.

5. సోమవారం లారీ వస్తుందట. కనుక నా అర్జీని నాకే తిప్పి పంపి, మంజూరు రద్దు చేయవలెను. బాటకి అడ్డంగా ఉన్న దుంగను మా ఇంటావిడ దాటుతుంది. నన్ను తిట్టడానికి ఆవిడకి దుంగే అక్కర్లేదు. మంజూరు రద్దయ్యేవరకు ఎర్ర రంగు పూసిన వాటిలో పెద్దదాని మీద నేను కూర్చుని ఉంటాను. లారీలో దాన్ని ఎక్కిస్తే నన్నూ ఎక్కించాలి. నేను తేలికే గానీ నోరు బరువు.

ఇదంతా చిత్తగించవలెను. లేదా మళ్ళీ రాస్తాను, అదీ చిత్తగించవలసి వస్తుంది.

ప్రస్తుతానికి తమ విధేయుడు,
పందుల అర్జీ తాత

తా.క.: ఇది దుంగ మీద కూర్చునే రాస్తున్నాను. ఇప్పుడే మనవరాలు వచ్చి, మాట్లాడకుండా నా చుట్టూ తిరిగి, వంగి భూతద్దం పెట్టి చూసింది. "అయ్యో తాతా, లే! ఇంతవరకు ఇక్కడ కనపడని పుట్టగొడుగు మొలిచింది, దాని మీదే కూర్చున్నావ్!" అని అరిచింది. తాతా అన్నది, తమరే సాక్షి. లేచి పక్కకి జరిగాను. అది కాస్త నలిగింది. ఆ నలుగుడు కాంట్రాక్టరు ఖాతాలో రాయించగలరు.