మీనింగ్ అడిగిన మంగళవారం

1998 జనవరి 11, ఆదివారం

నిరుటి కార్నివాల్ దెబ్బ భుజం మీద ఇంకా సలుపుతోంది. మా దీవిలో కార్నివాల్ నాడు ఊళ్ళ జట్లు ముసుగులేసుకుని, ఓ పాత ఇంగ్లీషు నాటకంలోని స్పీచ్‌లు ఎదురెదురుగా చెప్పుకుంటాయి. స్పీచ్‌లో ఒక్క మాట తప్పాను. పై ఊరి సిల్వన్ కొరడాతో బాది నవ్వాడు. తప్పు చెప్పినవాణ్ణి కొట్టడం ఆటలో రూలే. నవ్వడం రూలు కాదు. ఈసారి వాణ్ణి నడిరోడ్డు మీద, వాళ్ళావిడ చూస్తుండగా మట్టి కరిపిస్తాను.

మా జట్టుకి రాజు మా మేనమామ ఎవెరార్డ్. ఆ పాత ఇంగ్లీషు నాటకం ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి నోటికొచ్చు. నేను తప్పిన రోజు, నీది బుర్రా, చిల్లు పడ్డ పడవా అన్నాడు. నేను పడవలు కట్టేవాణ్ణి కదా, అందుకని ఆ మాట.

జనవరి 14

రిటైరైన టీచరు మిస్ ఓడీన్ దగ్గరికి వెళ్ళాను. స్పీచ్ అప్పజెప్పాను. చిలకైనా ఇంతే చెబుతుంది నాయనా, మీనింగ్ చెప్పు అంది. ఒళ్ళు మండిపోయింది. రోజుకో పేజీ, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవాలట. ముసలిదాన్ని సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది.

జనవరి 29

రెండొందల మాటలు వచ్చేశాయి. ఇవాళ పడవల షెడ్డులో మేస్త్రీని అందులో ఒక మాట అన్నాను. పైకి భక్తి, లోపల కుళ్ళు అని దాని అర్థం. వాడు థాంక్స్ చెప్పాడు.

ఫిబ్రవరి 8

స్పీచ్‌లో ఒక మాట దగ్గర మామ కొరడా పైకెత్తి గర్జిస్తాడు. అదేదో కత్తి పేరని జట్టంతా అనుకుంటాం. డిక్షనరీలో చూస్తే, భుజాల మీద కప్పుకునే బట్ట!

సిల్వన్ కూడా అక్కడే కొరడా ఎత్తుతాడు. కార్నివాల్ మంగళవారం వాణ్ణి ఇదే అడుగుతాను. మామకి చెప్పలేదు. నన్ను పడవ అన్నాడుగా.

ఫిబ్రవరి 23

గొంతు బొంగురు. అల్లం నములుతున్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

సిల్వన్ ఒక్క మాట తప్పలేదు. కొట్టే వీలే దొరకలేదు. ఆ మాటకి మీనింగ్ ఏమిట్రా అని అడిగేశాను. మీనింగ్ అడగడం ఈ దీవిలో ఎవరూ ఎరగరు. వాడు ముఖం మీది తీగ వల ముసుగు పైకెత్తి, నన్నెందుకురా, మీ రాజుని అడుగు అన్నాడు.

మామ నా వైపు చూడను కూడా చూడలేదు. ఛాతీ విరుచుకుని, కత్తిరా, చక్రవర్తి కత్తి అన్నాడు.

జనంలోంచి మిస్ ఓడీన్ పకపకా నవ్వింది. బట్ట, బట్ట అని అరిచింది. ఆ వెంటనే అందరూ నవ్వారు. దుప్పటి రాజా, దుప్పటి రాజా అంటూ ఆయన్ని వీధి చివరిదాకా తరిమారు. సిల్వన్ ఉమ్మేసి, సొంత రాజునే బజారుకీడ్చావు కదరా, ఛీ అన్నాడు.

సిగ్గేసింది. సిగ్గుకంటే కోపం ఎక్కువ వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి డిక్షనరీ తెరవడానికి ఆయనకేం రోగం?

ఫిబ్రవరి 26

షెడ్డులో నాతో ఎవరూ మాట్లాడలేదు. వాడు నా తమ్ముడురా అంది అమ్మ. అన్నం పెట్టలేదు.

మార్చి 1, ఆదివారం

మామ వచ్చాడు. కిరీటం, ముసుగు, కొరడా, అన్నీ వేసుకుని. కార్నివాల్ అయిపోయాక, ఈ ఉపవాసాల రోజుల్లో అవి ఎవరూ వేసుకోరు. మా గుమ్మం ముందు నిలబడి నలభై లైన్లు చెప్పాడు. ఒక్క మాట పోలేదు. ఇక నీ వంతన్నట్టు గడ్డం ఎగరేశాడు.

ప్రతి మాటకీ అర్థం నాకు తెలుసు. తరువాతి లైను రాలేదు.

చొక్కా విప్పి వీపు ఆయన కొరడాకి అప్పజెప్పాను.