విప్పని ఇంజను

శ్రీవారికి నమస్కారం.

ఇక్కడ అందరం కులాసా. అత్తయ్యకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మందు వేళకు వేసుకుంటున్నారు. మీ తమ్ముడికి జలుబు చేసి తగ్గింది. మీరు ఉత్తరంలో మా అందరికంటే ముందు బండిని అడిగారు కాబట్టి దాని క్షేమం కూడా రాస్తున్నాను. అది షెడ్డు నుంచి వచ్చింది, బాగానే తిరుగుతోంది. మీకు అక్కడి నీళ్లు పడుతున్నాయని, వచ్చే నెలతో పని ముగించుకుని ఇంటికి వచ్చేస్తున్నానని రాశారు. ఆ సంగతి అత్తయ్య వీధిలో అందరికీ చెప్పారు.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను. ఫోన్లో అయితే సగంలో అత్తయ్య అందుకుంటారు, లేదా మీరు పెట్టేస్తారు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు.

"నన్ను మాటమాత్రం అడగకుండా ఆయిలు ఎందుకు మార్చావు" అని మొదటి ప్రశ్న. బండి ఎలా తిరుగుతోందో మీకు తెలియదు. మీరున్నప్పుడు అది ఆదివారం తుడుచుకునే బండి. ఇప్పుడు రోజూ తెల్లవారుతూనే ఆసుపత్రి నర్సులను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని డ్యూటీకి దింపుతుంది, రాత్రి డ్యూటీ వాళ్లను వెనక్కి తెస్తుంది. చలికి స్టార్టు చేయగానే ఇంజను కాసేపు గడగడలాడేది. మూల మీది షెడ్డు మెకానిక్‌ను అడిగాను. మామూలు ఆయిలు చలికి చిక్కబడి పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుందని, సింథటిక్ అయితే వెంటనే పారుతుందని, అంత తొందరగా పాడవదని చెప్పాడు. ఆ తర్వాత ఒక మాట అడిగాడు. అది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

"అమ్మా, ఇది పాత బండి. ఏళ్ల తరబడి మామూలు ఆయిలు తాగింది. లోపల మడ్డి పేరుకుని ఉంటుంది. సీళ్లు అరిగినచోట ఆ మడ్డే అడ్డుపడి ఆయిలు కారకుండా ఆపుతుంటుంది. సింథటిక్ ఆ మడ్డిని కడిగేస్తుంది. అప్పుడు కారడం మొదలవుతుంది. కారాక నన్ను తిట్టకూడదు. సీళ్లు ఎప్పుడు మార్చారు?"

"మా వారు వేరే ఊళ్లో స్పెషలిస్టు దగ్గర ఇంజను మొత్తం విప్పించి చేయించారు. సీళ్లు, ప్యాకింగులు అన్నీ కొత్తవే" అన్నాను.

"ఇంకేం మరి. నిక్షేపంగా పోయొచ్చు" అన్నాడు.

అదీ నేను ఆయిలు మార్చడానికి కారణం. మిమ్మల్ని అడగలేదన్నది నిజం. మీ మాట నమ్మే మార్చానన్నది కూడా నిజం.

రెండో ప్రశ్న, ఆయిలు కారుతోందన్న మాట నిజమేనా అని. నిజమే. మొదట వాకిట్లో చిన్న మరక కనిపించింది. తర్వాత అది మూకుడంత అయింది. అత్తయ్య రోజూ దాని మీద ఇసుక పోసి, వచ్చినవాళ్లకు చూపించేవారు. "మా అబ్బాయి ఉన్నన్నాళ్లూ ఒక్క చుక్క కారలేదమ్మా. ఈవిడగారు ఏదో కొత్త ఆయిలు పోయించింది" అని. పక్కింటావిడ నన్ను చూసి, "సవతి మీద కోపమా ఏంటి?" అని నవ్వింది. మీరు బండిని చూసుకునే తీరుకు దాన్ని నా సవతి అని వీధంతా అనడం మామూలేగా. నేనూ నవ్వాను.

ఒక ఉదయం ఆసుపత్రికి సగం దూరంలో కాలిన వాసన వేసింది. వెనక సీట్లోంచి హెడ్ నర్సు, "ఎవరమ్మా స్టవ్వు మీద ఏదో మర్చిపోయి వచ్చింది?" అంది. అందరూ నవ్వుతుండగానే బానెట్ అంచుల్లోంచి పొగ వచ్చింది, ఆయిలు లైటు వెలిగింది. వెంటనే ఇంజను ఆపేశాను. నర్సులు దిగి మిగతా దూరం నడిచారు. హెడ్ నర్సు మాత్రం వెళ్తూ, "పేషెంటు బతికితే కబురు చెయ్యి" అంది. ఇంజను పాడైందని మీకు ఎవరు చెప్పారో గానీ, అది పాడవలేదు. లైటు వెలగగానే ఆపినందుకు బతికిందని మెకానిక్ అన్నాడు. ఈ సంగతి మాత్రం మీకు ఎవరూ రాసి ఉండరు.

మూడోది, "ఆ కొత్తది పారబోయించి వెంటనే పాత ఆయిలే పోయించు, కారడం ఆగుతుంది" అని రాశారు. అడిగాను. పోయవచ్చు, నష్టం లేదు, కానీ ఆగదన్నాడు. సీళ్లు అరిగింది ఇప్పుడు కాదు, ఎప్పుడో అరిగాయి. మడ్డి పోయింది కనుక బయటపడింది. మళ్లీ మడ్డి కట్టేదాకా చుక్కలు పట్టుకుంటూ కూర్చోవడం కంటే సీళ్లు మార్చడం మేలన్నాడు.

నాలుగోది, అసలైనది. "నేను వచ్చేదాకా తాళాలు తమ్ముడికి ఇచ్చెయ్యి. ఇక నువ్వు ఆ ట్రిప్పులు మానుకో. కంటికి రెప్పలా చూసుకున్న బండిని ఒక్క డబ్బాతో నాశనం చేశావు" అని రాశారు. బండి లేకపోతే నాకు పని లేదు. మీకది తెలిసే రాశారు. మీ తమ్ముడు ఆ ఉత్తరం చదివి, "వదినా, నన్ను మధ్యలో ఇరికించకండి. తాళాలు ఇచ్చినా నేను తీసుకోను, తీసుకున్నా నాకు గేర్లు పడవు" అన్నాడు. ఈ నాలుగోదానికి నా జవాబు చివర రాస్తాను. దానికి ముందు షెడ్డులో ఏం జరిగిందో మీకు తెలియాలి.

ఆయిలు మార్చినప్పుడు మెకానిక్ కింద బిరడా, ఫిల్టరు మాత్రమే విప్పాడు. ఈసారి బండిని పైకెత్తి, గేరుబాక్సు దించి, కింది ఆయిల్ చాంబరును డీజిలు గుడ్డతో తుడిచాడు. మడ్డి పోయాక బోల్టుల మీద పసుపు గీతలు కనిపించాయి. ఫ్యాక్టరీలో బోల్టు బిగించాక, అది సరిగ్గా కూర్చుందనడానికి గుర్తుగా బోల్టు మీదా దాని పక్క ఇనుము మీదా కలిపి ఒక గీత గీస్తారట. ఎవరైనా బోల్టు కాస్త తిప్పినా గీత విరిగి రెండు ముక్కలు పక్కకు జరుగుతాయి. ఒక్క గీత కూడా విరగలేదు. మెకానిక్ లైటు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ స్పెషలిస్టు ఎవరమ్మా?"

"నాకు తెలియదు. ఏం?"

"ఘనుడే. బోల్టు ముట్టుకోకుండా సీళ్లు మార్చాడు."

నేను కింద దూరి చూశాను. తర్వాత పై కవరు విప్పమన్నాను. దాని రబ్బరు ప్యాకింగు వేలితో నొక్కితే గాజులా పుటుక్కుమని విరిగింది. అది కూడా బండితో పుట్టినదే. మెకానిక్ నా మొహం చూసి మాట మార్చాడు. "పోన్లెండమ్మా. అయ్యగారిని కూడా ఎవరో మోసం చేసి ఉంటారు" అన్నాడు.

అతనికి తెలియనిది నాకు తెలుసు. మిమ్మల్ని ఎవరూ మోసం చేసే వీల్లేదు. ఇంజను పని చేయించిన ఆ నెలంతా మీరు బండి పక్కనే ఉన్నారు కదా. కాపలా లేకపోతే అసలు పార్టులు తీసేసి నకిలీవి బిగిస్తారని, అందుకే షెడ్డు దగ్గరే గది తీసుకుని ఉంటున్నానని చెప్పారు. వేరే ఎవరు చెప్పినా నవ్వేవాళ్లం. మీరు చెబితే నమ్మాం. ఆ బండి విషయంలో మీరు అంత పనీ చేసే మనిషే.

ఆ నెల మామయ్యగారికి డయాలసిస్ కొత్త. ఒకరోజు తప్పించి ఒకరోజు ఆసుపత్రికి వెళ్లాలి. బండి లేదు కనుక బస్సులో తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు నిలబడగలిగేవారు, వచ్చేటప్పుడు కాళ్లు తేలిపోయేవి. ఒక చేత్తో పైన కడ్డీ, ఒక చేత్తో ఆయన నడుము పట్టుకునేదాన్ని. అత్తయ్య వెనక సంచి పట్టుకుని ఎక్కేవారు. ఆయన మిమ్మల్ని ఒక్క మాట అననివ్వలేదు. "ఇంజను పనంటే మాటలా? దగ్గరుండి చేయించుకోవాలి" అనేవారు. ఒకసారి మాత్రం, "వాడు బండి పక్కన పడుకుంటున్నాడట. ఈసారి నాకూ నాలుగు చక్రాలు వేయించు" అని నవ్వారు. మీరు తిరిగి వచ్చిన కొద్దిరోజులకే కంపెనీ మిమ్మల్ని ఉన్నట్టుండి అక్కడికి వేసిందన్నారు, కాదంటే ఉద్యోగం పోతుందన్నారు, వెళ్లిపోయారు. తర్వాత మీ తమ్ముడి స్నేహితుడు ఎవరో బండి నడిపి మామయ్యగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆయన సీటు మీద చెయ్యి వేసి, "ఇంజను ఎంత మెత్తగా ఉందో చూశావా? పని చేయించినట్టు తెలుస్తోంది" అన్నారు. పోయేలోపు ఆయన ఆ బండి ఎక్కింది కొన్నిసార్లే. నేను డ్రైవింగ్ నేర్చుకునేసరికి ఆయన లేరు.

షెడ్డు నుంచి ఇంటికొచ్చి నేను అబద్ధం ఆడాను. అత్తయ్యతో, మీ తమ్ముడితో, పక్కింటావిడతో, అందరితో, "నా తప్పే, ఆ ఆయిలు పోయించకుండా ఉండాల్సింది" అన్నాను. మెకానిక్‌ను కూడా అలాగే చెప్పమన్నాను. అతను ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. మీ పరువు కాపాడాలని కాదు. ఇంజను విప్పలేదంటే ఆ బస్సు ప్రయాణాలన్నీ ఉత్తపుణ్యానికి చేయించినవని తేలుతుంది. మోసిన బరువు అవసరమైనదే అనుకుంటేనే మోయగలం. అందుకని తప్పు నా మీద వేసుకుని ఊరుకుందామనుకున్నాను. ఊరుకునేదాన్నే. ఇంతలో తాళాలు ఇవ్వమన్న మీ ఉత్తరం వచ్చింది.

మర్నాడు పొద్దున అత్తయ్యా నేనూ మేడ మీద ఉతికిన దుప్పట్లు మడత పెడుతున్నాం. చెరో అంచూ పట్టుకున్నాం.

"అత్తయ్యా, ఆ ఇంజను ఎవరూ విప్పలేదు" అన్నాను.

"ఆ మెకానిక్కుకు నోరెక్కువ" అన్నారు.

"అతను కాదు. నేనే చూశాను."

"చూస్తే చూశావు. గట్టిగా లాగు, ముడతలు పడుతున్నాయి."

"ఆయన ఆ నెలంతా ఎక్కడున్నారు?"

ఆవిడ అంచు వదల్లేదు. దగ్గరకు వచ్చి నా చేతిలోని కొసలు కూడా తీసుకున్నారు. "ట్రైనింగులో. అక్కడి ఉద్యోగానికి వాడే దరఖాస్తు పెట్టుకున్నాడు. ట్రైనింగు అయితేగానీ చేర్చుకోరట. బండి ఎవరో స్నేహితుడి గోడౌనులో టార్పాలిన్ కప్పి పెట్టాడు."

"మీకెప్పుడు తెలుసు?"

"కన్నదాన్ని. నాకు చెప్పకుండా పోతాడా?"

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పోనిచ్చేదానివా? ముసలాయన్ని ఎవరు ఎత్తుకుంటారని అడిగేదానివి."

"అడిగేదాన్నే."

"మరి? అందుకే చెప్పలేదు." మడత పెట్టిన దుప్పటి పక్కన పెట్టి మళ్లీ ఆవిడే అన్నారు. "మీ మామయ్యకూ తెలియదు. తెలిస్తే బస్సెక్కేవారు కాదు."

బస్సులో ఆవిడ నా వెనక సంచి పట్టుకుని నిలబడేవారని రాశానుగా. అన్నీ తెలిసే నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ నా ఆయిలు వల్లే కారుతోందని వీధంతా చెప్పారు కదా అత్తయ్యా."

"ఆయిలు మీద పెడితే ఆయిలుకేం పోయింది?"

"ఆయిలుకేం పోలేదు" అన్నాను. ఇంకో దుప్పటి మిగిలింది. అది కూడా మడత పెట్టి కిందికి దిగాం.

మీరు ఉద్యోగం కోసం వెళ్లినందుకు నాకు కోపం లేదు. నన్ను కూర్చోబెట్టి, "నాన్నను చూడటం నావల్ల కాదు, నేను పోతాను, నువ్వు చూడు" అని ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, చివరికి చూసేదాన్ని. చూసింది ఎలాగూ నేనే. అప్పుడు కనీసం బండి వాకిట్లో ఉండేది. మీ అబద్ధం నిలబడటానికి బండి కనపడకూడదు కనుక దాన్ని మాయం చేశారు. నాకు మింగుడుపడనిది ఈ ఒక్కటే.

ఇప్పుడు నాలుగో ప్రశ్నకు జవాబు. ఈసారి ఇంజను నిజంగానే విప్పారు. క్రాంకు సీళ్లు, పై కవరు ప్యాకింగు, చాంబరు ప్యాకింగు, అన్నీ నా కళ్లముందు మార్చారు. మళ్లీ సింథటిక్ ఆయిలే పోయించాను. వాకిలి పొడిగా ఉంది. నర్సుల ట్రిప్పులు సోమవారం నుంచి మొదలయ్యాయి. తాళాలు మీ తమ్ముడికి ఇవ్వలేదు. మీరు వచ్చాక మీకూ ఇవ్వను. సంపాదన నాది, డ్రైవింగు నాది, ఇప్పుడు ఇంజను పని కూడా నాదే. కాదంటే వచ్చి మెకానిక్ ఎదుట, మీ తమ్ముడి ఎదుట ఆ స్పెషలిస్టు పేరు చెప్పండి.

స్టేషనుకు బండి పంపమన్నారు. మీ రైలు వచ్చేది నర్సుల డ్యూటీ మారే వేళకు. బండి రాదు. స్టేషను బయట ఎడమ పక్క బస్సు ఆగుతుంది. మామయ్యగారిని డయాలసిస్ నుంచి మేం తీసుకొచ్చింది ఆ బస్సులోనే. రద్దీగా ఉంటుంది, కడ్డీ గట్టిగా పట్టుకోండి.

అత్తయ్య మిమ్మల్ని త్వరగా రమ్మని రాయమన్నారు. రాశాను. అది ఆవిడ మాట. నా మాటగా ఏం రాయాలో ఇంకా తేలలేదు. మీరు వచ్చేలోపు తేలుతుందో లేదో కూడా తెలియదు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు