నా మాట నేనే చెప్త

జూన్ 4
మళ్ల అదే కత. విద్యానగర్ల కొత్త మనసు డాక్టర్. నేను ఎదురుంగనే కూసున్న — ఆయన అమ్మను అడుగుతడు. "పాపకు నిద్ర పడ్తుందా అమ్మా?" పాపకు ముప్పై నాలుగేండ్లు సార్! కంపెనీ మెయిళ్లకు జవాబులు రాస్తది, జీతం తెస్తది. "నాకు..." అనేలోపే అమ్మ అందుకున్నది. "మంచిగనే పంటది సార్. జర చిరాకు ఎక్కువ."
పుట్టినప్పటి సంది నా మాట ముద్దగ వస్తది, ఆలస్యంగ వస్తది, నడువాల్నంటే చేతికట్టె కావాలె. గంతే. బుర్ర మంచిగనే ఉరుకుతది.

జూన్ 5
లేవబుద్ధి కాదు. అప్పుడప్పుడు బతుకబుద్ధి కాదు. అమ్మ ముంగట ఎట్ల చెప్త?

జూన్ 11
పక్క పోర్షన్ సల్మా. దానికి చూపు లేదు గని హైదరాబాదంత తెలుసు. "నారాయణగూడల మనసు డాక్టర్ మేడం ఉన్నదే. ఆడ కాంపౌండర్ గూడ నా చెయ్యి గుంజడు, అడిగి పట్టుకుంటడు."
పోవాలె.

జూన్ 16
మేడం నన్నే చూసుకుంట అడిగింది. "అమ్మగారు ఉండాల్నా, మీరొక్కరే మాట్లాడ్తరా?" మీరు! నన్ను!
అమ్మ లేవలే. "దాని మాట మీకు సమజ్ కాదు మేడం."
"కాకుంటే మళ్ల అడుగుత అమ్మా."
అమ్మ మొఖం మాడ్చుకొని బయటికి వోయింది. ఒక్క వాక్యానికి ఎంతసేపు పట్టిందో... చొంగ కారింది, తుడుసుకున్న, మళ్ల మొదలువెట్టిన. మేడం తొందర వెట్టలే. మొత్తం చెప్పిన, బతుకబుద్ధి కాదన్నది గూడ. ఏడ్సుకుంట నవ్విన పిచ్చిదాని లెక్క — ఆడ గాక ఇంకెక్కడ నవ్వాలె!

జూన్ 17
అమ్మ మాట్లాడ్తలేదు. ఉప్మాల ఉప్పు లేదు.

జూన్ 30
మేడం రాసిన గోలీలు పనిచేస్తున్నయ్. సల్మా, నేను అశోక్‌నగర్ల మిర్చి బండి దాంక నడిచినం, ఇద్దరి చేతుల చేతికట్టెలు. రోడ్డు నిండ కోచింగ్ పోరగాళ్లు. "జరుగుండ్రి తమ్మీ!" అన్న. జరిగిండ్రు! రెండు ప్లేట్లు లాగించినం. ఎన్నాళ్లకు ఆకలైందో. మస్తు ఖుషీ.

జులై 8
రేపు మళ్ల మేడం కాడికి. అమ్మ బెండకాయలు కోసుకుంట, నా దిక్కు చూడకుండ — "ఆమె పెద్దోళ్లను గూడ చూస్తదా?"
"నేను పెద్దదాన్నే గదమ్మా!"
"నా అసుంటోళ్లను..."
బెండకాయల గిన్నె పక్కకు జరిపిన. పక్కన కూసొని అడిగిన. "ఏమైతుందమ్మా నీకు?"
"నీకు చెప్పేటిది గాదు. నువ్వు జర బయట కూసుంటవా?"
కూసుంట అన్న. ఏం చెప్తదో... నా గురించేనా?