ఇరవై బార్ల గాలి

ఫిబ్రవరి 3, సోమవారం

బన్నీ వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడని రాయడం మర్యాద కోసం. మా ఆయన దేవేంద్ర షెడ్డు తాళంచెవి లాక్కుని పొమ్మన్నారు. సొంత తమ్ముణ్ని.

డైవింగ్ సిలిండర్లలో గాలి నింపి ఇవ్వడం మా వ్యాపారం. సాయంత్రం ఈయన కంప్రెసర్ పెట్టి ఒక్కోదాంట్లో ప్రెషర్ రెండొందల బార్లు వచ్చేదాకా నింపుతారు. పొద్దున్నే బన్నీ వాటిని పికప్‌లో వేసుకుని చిడియాటాపు బీచ్‌కి తీసుకెళ్లి, డైవింగ్ షాపు వాసుదేవ్‌కి అప్పగిస్తాడు. అక్కడ గేజ్ పెడితే నూట ఎనభై! పెద్ద కంప్రెసర్ కొన్న దగ్గర్నుంచీ ఇదే గోల. టూరిస్టులు ముందే పైకి తేలాల్సి వస్తోందనీ, ఇలాగైతే వేరేవాళ్లని చూసుకుంటాననీ వాసుదేవ్ ఫోన్‌లో కేకలేశాడు.

రాత్రి షెడ్డులో పడుకునేది బన్నీ ఒక్కడే. ఏ దోస్తు సిలిండర్‌లోకి గొట్టం పెట్టి పట్టిస్తున్నావురా అని ఈయన అడిగారు. మా కసమ్ భయ్యా, వాల్వు ముట్టుకుంటే అమ్మ మీద ఒట్టు అన్నాడు బన్నీ. ఈయన వినలేదు. వాడు బ్యాగు సర్దుకుని ఫెరార్‌గంజ్‌లో మా అత్తగారి దగ్గరికి పోయాడు.

నేను వంటింట్లో నిలబడి అంతా విన్నాను. ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈయన లేనప్పుడు వాల్వులకి సబ్బునురగ పూసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. లీకు కాదు. మరి ఆ గాలి ఎటు పోతోంది?

ఫిబ్రవరి 5, బుధవారం, సాయంత్రం

చెయ్యి ఇంకా చురుక్కుమంటోంది. వరసగా రాస్తాను.

ఇవాళ ట్యూషన్‌లో పదకొండో తరగతి వాళ్లకి థర్మోడైనమిక్స్. ఐసోథర్మల్, అడయాబాటిక్, ఐసోబారిక్, ఐసోకోరిక్. నాలుగూ బోర్డు మీద రాశాను. నూనెలో పూరీ పొంగడం ఇంచుమించు ఐసోబారిక్ అన్నాను. బయటి ప్రెషర్ అదే, పూరీ మాత్రం ఉబ్బుతుంది, ఉబ్బుతూ చుట్టూ ఉన్నదాన్ని నెడుతుంది, ఆ నెట్టడమే పని. పిల్లలకి ఆకలి వేసింది, పాఠం నచ్చింది.

ఐసోకోరిక్ దగ్గరికి వచ్చాం. మూసిన డబ్బా. వాల్యూమ్ మారదు, కాబట్టి పని సున్నా. అప్పుడు టీనా లేచింది. మిస్, డబ్బా చల్లారితే ప్రెషర్ పడిపోతుంది కదా, మరి లోపల గాలి తగ్గదా అని అడిగింది. తగ్గదు, గాలి అంతే ఉంటుంది, ఎవరూ ఏమీ తీయలేదు అన్నాను.

అని, చాక్‌పీస్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మిస్ సో గయీ, నిలబడే నిద్రపోయింది అని వెనక బెంచీ నవ్వింది.

పిల్లల్ని పంపేసి షెడ్డుకి పరిగెత్తాను. ఈయన అప్పుడే ఒక సిలిండర్ నింపి పక్కన పెట్టారు. దాని మీద చెయ్యి వేశాను. పెనం మీద వేసినట్టే ఉంది.

పాత కంప్రెసర్ ఒక్కోదానికి అరగంట తీసుకునేది. వేడి ఎప్పటికప్పుడు బయటికి పోయేది. ఐసోథర్మల్‌కి దగ్గరగా. కొత్తది ఐదు నిమిషాల్లో కుక్కేస్తుంది. గాలిని నొక్కడానికి చేసిన పనంతా వేడిగా మారుతుంది, ఆ వేడికి బయటికి పోయే తీరిక ఉండదు. దాదాపు అడయాబాటిక్. గేజ్ రెండొందలు చూపగానే ఈయన ఆపేస్తున్నారు. పొద్దుటికి చల్లారుతుంది. సిలిండర్ సాగదు, ముడుచుకోదు. ప్రెషర్ ఒక్కటే దిగుతుంది.

అరవై డిగ్రీల నుంచి ఇరవై ఎనిమిదికి దిగితే ఎంతో లెక్క వేశాను. నూట ఎనభై ఒకటి.

మళ్లీ వేశాను. అంతే వచ్చింది. భలే సంతోషం వేసింది.

ఫిబ్రవరి 6, గురువారం

ఈయనకి చెప్పాను. ఇవన్నీ పుస్తకాల మాటలు, రెండొందలంటే రెండొందలే, గేజ్ నాకెందుకు అబద్ధం చెబుతుంది అన్నారు. అబద్ధం చెప్పడం లేదు, వేడిని కూడా కలిపి చెబుతోంది అన్నాను. ఆయనకి ఒళ్లు మండింది.

సరే, పందెం. ఒక సిలిండర్ ఆయన పద్ధతిలో నింపుతారు. ఇంకొకటి నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి, నేను చెప్పినంత మెల్లగా నింపుతారు. రాత్రికి షెడ్డు తాళంచెవి నా దగ్గర. నన్ను ఓడించాలనే ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 7, శుక్రవారం, సాయంత్రం

పొద్దున్న ఆరింటికి గేజ్ పెట్టాం. ఆయనది నూట ఎనభై. డ్రమ్ములోది నూట తొంభై ఆరు.

షెడ్డులోనే గెంతాను. ఆయన గేజ్ మార్చి చూశారు. ఇంకో గేజ్ తెచ్చి చూశారు. తర్వాత గడప మీద కూర్చుండిపోయారు. ఆ ముఖం చూశాక నా గెంతులు ఆగిపోయాయి. నేను లెక్క గెలిచానని మురుస్తున్నాను, ఆయనకి తమ్ముడు గుర్తొచ్చాడు.

వాసుదేవ్‌కి ఆయనే ఫోన్ చేశారు. తప్పు నాదే, ఇకనుంచి చల్లారాక మళ్లీ నింపి పంపుతానని చెప్పారు. వాసుదేవ్ సరేనన్నాడట. మధ్యాహ్నం అన్నం సగంలోనే లేచిపోయారు.

ఫిబ్రవరి 8, శనివారం

గడ్డం గీసుకున్నారు. రెండు సిలిండర్లూ, గేజూ పికప్‌లో ఎక్కించుకుని ఫెరార్‌గంజ్ బయల్దేరారు. ఇవన్నీ ఎందుకండీ అంటే, వాడికి చూపించొద్దా అన్నారు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది.

సుర్మయి చేపల పులుసు పెట్టాను. బన్నీకి ఇష్టం.

ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం

నిన్న ఆయన ఒక్కరే తిరిగొచ్చారు.

సిలిండర్‌కి గేజ్ పెడుతుంటే బన్నీ అటు చూడనే లేదట. ఈ గేజ్ చెప్పిందని వచ్చావా భయ్యా, నేను చెప్పినప్పుడేమైంది అన్నాడట.  తర్వాత ఇంకోటి అడిగాడట, వదిన కూడా నమ్మిందా అని.

మీరేం చెప్పారు అన్నాను. అది నువ్వే చెప్పాలి అని ఆయన సిలిండర్లు దింపడానికి వెళ్లారు.

ఆరున్నర బస్సుకి ఫెరార్‌గంజ్ వెళ్తున్నాను. గేజ్ తీసుకెళ్లడం లేదు.