ఇంటర్వెల్ తర్వాత మాటలు

తల్లీ,

మా అమ్మాయితో ఒకే గదిలో ఉన్న నీకు, దాని అమ్మ రాస్తున్నాను. నా చదువు రెండో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మా ఇంటి దగ్గర సిగ్నలు ఒక్క గీతే, అదీ నీళ్ల ట్యాంకు మెట్లెక్కితేనే. నెట్టు రానే రాదు. అందుకే మా అమ్మాయి అక్కడ కంప్యూటర్లో రాసే ఈమెయిలు నా ఫోనుకు మెసేజిలా వచ్చేట్టు నువ్వే అమర్చి పెట్టావు. మొదటి రెండు లైన్లే వచ్చేవి. "మిగతాది ఇంటర్వెల్ తర్వాతే అమ్మా" అని ఏడిపించి, ఆదివారం ఫోన్లో చెప్పేది.

చివరిది శుక్రవారం వచ్చింది. "అమ్మా, నీ కుట్టుమిషను సూది విరిగిందన్నావుగా, నేను" అని అక్కడే ఆగింది. మర్నాడే బస్సు బోల్తాపడి నా బిడ్డ పోయింది. మాకిక ఆదివారం రాలేదు.

మొన్న నువ్వు దాని మెయిలు తెరిచి చూసి, "ముఖ్యమైనదేం లేదు పిన్నీ, చదివితే ఇంకా బాధపడతారు" అన్నావు. ముఖ్యమైనవన్నీ అయిపోయాయి తల్లీ. సూది గురించి ఏమందో, అదే కావాలి నాకు.

మిగతాది మెసేజిల్లో పంపు. ఒక్కసారే వద్దు, రోజుకో ముక్క చాలు. ఆ మెట్లెక్కడానికి నాకో పని ఉంటుంది. ఆఖరి ముక్క పంపిన రోజు, ఇదే ఆఖరిదని మాత్రం రాయకు.

దాని అమ్మ